ఖర్చులతో సహా

నేను కొత్తగా ప్రాక్టీసులో చేరినప్పుడు తీర్పు ఎలా చదవాలో మా సీనియరు గారు చెప్పారు. ముందు చివరి పేరా చదువు, గెలిచామో ఓడామో తెలిసిపోతుంది, తర్వాత తీరిగ్గా మొదటి నుంచీ చదువుకోవచ్చు అన్నారు. కోటు విప్పి ఇంట్లో కూర్చునేదాకా నేను అలాగే చదివాను. ఆ చివరి పేరాలో కూడా ఒక ఆఖరి వాక్యం ఉంటుంది. ‘కేసు పరిస్థితుల దృష్ట్యా ఖర్చులు ఎవరివి వారే భరించవలెను.’ అవతలి పక్షం ప్రభుత్వ శాఖ అయితే ఆ వాక్యం దాదాపు ఉండి తీరుతుంది. ఉత్తరం కింద ‘ఇట్లు’ అని రాసినంత మామూలుగా వచ్చేస్తుంది. గెలిచామన్న సంతోషంలో మేమెవరమూ దాన్ని పట్టించుకునేవాళ్ళం కాదు.

కొత్తగా నల్లకోటు వేసుకున్న మీలాంటివాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, మీకు బాగా గుర్తుండిపోయిన కేసేదండీ అని అడుగుతుంటారు. ఏ హత్య కేసో, కోట్ల ఆస్తి తగాదానో చెబుతానని ఎదురుచూస్తారు. నేను మిరప నారు కేసు చెబుతాను. మొదట్లో కొంచెం నిరాశపడతారు. చివరిదాకా విన్నవాళ్ళు మాత్రం నిరాశపడి వెళ్ళలేదు.

నా క్లయింటుది జగ్గయ్యపేట నుంచి కోదాడ వైపు వెళ్ళే దారిలో ఒక ఊరు. జగ్గయ్యపేటను మేమంతా పేట అనే అంటాం. ఆవిడ అప్పటికి నలభై దాటిన మనిషి. రోడ్డు పక్కన ఉన్న తన సొంత పొలం చెక్కలో మిరప నారు నర్సరీ నడిపేది. మా ప్రాంతంలో ఇప్పుడు ఎవరో కొద్దిమంది తప్ప రైతులు సొంతంగా నారుమడి పోసుకోవడం లేదు. నర్సరీలో ముందే చెప్పుకుని, వానలు పడి అదును కుదిరాక ట్రేలతో నారు తెచ్చుకుని నాటుకుంటారు. ఆకుపచ్చ వల పందిరి కింద, కొబ్బరి పొట్టు నింపిన ట్రేలలో మొలకలు వరసగా నిలబడి ఉంటాయి. ఆవిడ నారు మంచిదని పేరు. అటు కోదాడ నుంచి కూడా వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు.

ఆ ఏడు నారు ఇంకో వారంలో పొలాలకు వెళ్ళాల్సి ఉండగా ఒక పొద్దున జేసీబీ వచ్చింది. రోడ్డు పక్క వాననీళ్ళు పోవడానికి కాలువ తవ్వుతున్నాం, ఈ ముక్క ప్రభుత్వ స్థలం అన్నారు. నోటీసు లేదు, కొలత లేదు. పనిచేయించిన శాఖ పేరు చెప్పను. చెప్పాల్సిన అవసరమూ లేదు, ఈ కథలో శాఖల కంటే మనుషులే ముఖ్యం. పందిరి స్తంభాలు పడిపోయాయి. వల చిరిగి జేసీబీ బకెట్‌కు చుట్టుకుంది. ఆవిడ బండికి అడ్డం పడుకోలేదు, ఎవరినీ తిట్టలేదు. కూలీలతో కలిసి చేతికందిన ట్రేలన్నీ ఎత్తి పక్కవాళ్ళ చేలో పెట్టింది. నీడ లేక అవి కూడా సాయంత్రానికి వాడిపోయాయి. నారు చెప్పుకున్న రైతులందరికీ అడ్వాన్సులు వెనక్కి ఇచ్చేసి, ఆ తర్వాత నా దగ్గరకు వచ్చింది.

కుర్చీలో కూర్చుని, కళ్ళనీళ్ళు పెట్టుకోకుండా, జరిగింది జరిగినట్టు వరసగా చెప్పింది. వెంట వచ్చిన భర్త లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, “గవర్నమెంటోళ్ళతో మనకెందుకని చెప్తానే ఉన్నానండి, వినట్లేదు” అన్నాడు. ఆయన మాటలో కోపం లేదు, భయం ఉంది.

ముందు కొలత వేయించాం. రెండు పక్షాలనూ పిలిచి ప్రభుత్వ సర్వేయరు గొలుసు లాగి కొలిస్తే, స్థలం పూర్తిగా ఆవిడదేనని, కాలువ ఆవిడ చెక్కలోకి చొచ్చుకొచ్చిందని తేలింది. కొలత నివేదిక కింద ఆ శాఖ మనిషి కూడా సంతకం పెట్టాడు. నా దృష్టిలో కేసు అక్కడితో అయిపోయినట్టే. ప్రభుత్వం మీద దావా వేయాలంటే ముందు నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. పొరపాటుంటే సరిదిద్దుకుంటారని చట్టం ఇచ్చిన వ్యవధి అది. నా అనుభవంలో ఆ వ్యవధి నోటీసు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకు చేరడానికి మాత్రమే సరిపోయేది. ఈసారీ అంతే అయింది. జవాబు రాలేదు. పేట కోర్టులో దావా వేశాం.

ఇక వాయిదాలు మొదలయ్యాయి. ఫైలు విజయవాడలో ఉందన్నారు. అధికారి బదిలీ అయ్యారన్నారు. కొత్తగా వచ్చినాయన ఇంకా ఛార్జి తీసుకోలేదన్నారు. తీసుకున్నాక సెలవు పెట్టారన్నారు. ఒకసారి ఎన్నికల డ్యూటీ అని గడువు అడిగితే, ఇప్పుడు ఏ ఎన్నికలు జరుగుతున్నాయండీ అని జడ్జిగారు వాకబు చేశారు. ఎవరికీ తెలియలేదు. మరోసారి వాళ్ళు దాఖలు చేసిన ప్రమాణపత్రం చదువుతుంటే మధ్యలో చేపల చెరువు గురించి వచ్చింది. ఇంకెక్కడో వేసిన కాగితాన్నే పేర్లు మార్చి మాకు పంపారు, చెరువును మార్చడం మరిచిపోయారు. కోర్టు హాల్లో అందరం నవ్వాం. నర్సరీ ఆవిడ నవ్వలేదు. ఆ రోజు వాయిదా కోసం నాట్లు మానుకుని వచ్చింది.

ఒక దశలో వాళ్ళు రావడమే మానేస్తే మాకు అనుకూలంగా ఏకపక్ష తీర్పు వచ్చింది. సంబరపడ్డాం. కొన్నాళ్ళకు వాళ్ళు మేల్కొని, మా వాదన వినకుండా తీర్పు చెప్పారు, రద్దు చేయండి అని పిటిషన్ పెట్టారు. నామమాత్రంగా కొంత కట్టించి కోర్టు ఒప్పుకుంది. మళ్ళీ మొదటికి వచ్చాం. ఈలోగా కరోనా వచ్చి కోర్టులు మూతపడ్డాయి, తెరుచుకున్నాయి. జిల్లా రెండుగా విడిపోయింది. కాలువ గుంతలో తుమ్మ మొక్కలు లేచాయి. ఆవిడ మాత్రం ప్రతి వాయిదాకీ వచ్చి, కోర్టు వరండాలో గోడవారగా నిలబడేది. సాక్షులుగా ఊరి పెద్దమనుషులు కావాలంటే ఆటో మాట్లాడి తెచ్చేది, వాళ్ళకు మధ్యాహ్నం భోజనం పెట్టించి మళ్ళీ ఊళ్ళో దింపేది. నా ఫీజు కూడా నేను అడగకముందే ఎంతో కొంత తెచ్చి ఇచ్చేది. ఆ డబ్బుంటే పందిరి మళ్ళీ వేసుకునేది. వేసుకోలేక, ఇంటి పెరట్లో కొద్దిపాటి ట్రేలతో సరిపెట్టుకుంటోందని ఆమె భర్త ఒకసారి మాటల్లో చెప్పాడు. ఆవిడ దగ్గర నారు కొనే రైతులు ఒక్కొక్కరే వేరే నర్సరీలకు అలవాటు పడిపోతున్నారు.

చివరికి గెలిచాం. స్థలం ఆవిడదే, కాలువ పూడ్చి అప్పగించాలి, పాడైన నారుకు పరిహారం ఇవ్వాలి అని పేట కోర్టు తీర్పు ఇచ్చింది. నకలు చేతికి రాగానే ఆవిడను పిలిచి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివి చెప్పాను. ఆఖరి వాక్యం కూడా అలవాటుగా చదివేశాను.

“ఆ ఆఖరి మాట ఏందండి?” అంది.

ఎవరి ఖర్చులు వాళ్ళే పెట్టుకోవాలని చెప్పాను. మరి వాళ్ళ ఖర్చులు ఎవరు పెట్టుకున్నారని అడిగింది. గవర్నమెంటు అన్నాను. అయితే ఆ ఆఫీసరు జేబులోంచి ఏమీ పోలేదా అంది. పోలేదన్నాను.

“నా ఖర్చులు నా జేబులో నించి పోయినయి. వాళ్ళ ఖర్చులు నేను కట్టే పన్నుల్లో నించి పోయినయి. రెండు పక్కలా నావే గదండి. మరి ఎవరివి వాళ్ళవి అంటారేందండి?”

జవాబు కోసం ఆవిడ నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. అన్నేళ్ళ ప్రాక్టీసులో నన్ను ఏ క్లయింటూ ఆ ప్రశ్న అడగలేదు, ఏ జడ్జీ అడగలేదు. ఖర్చుల కోసం మాత్రమే అప్పీలుకు వెళితే నిలబడటం కష్టం, స్థలం దక్కింది, ఇక వదిలెయ్యమ్మా అన్నాను. సరేనని లేచింది గానీ ఒప్పుకున్నట్టు లేదు.

వాళ్ళు అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. గడువు కూడా దాటిపోయాక, ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్ జోడించి, ఆ శాఖ నందిగామలోని పై కోర్టులో అప్పీలు వేసింది. ఆలస్యాన్ని మన్నించి కోర్టు అప్పీలును విచారణకు తీసుకుంది. నోటీసు అందినప్పుడు ఆవిడకు ఫోన్ చేయడానికి నాకు మనసు రాలేదు. ఆ సాయంత్రం మాత్రం చట్టం పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక సంగతి తట్టింది. అవతలివాళ్ళు అప్పీలు వేసినప్పుడు, కింది తీర్పులో మనకు నచ్చని భాగం మీద మనం కూడా అదే కేసులో ఎదురు అభ్యంతరం చెప్పుకోవచ్చు. మర్నాడు ఆవిడను పిలిపించి అది వివరించాను.

“అంటే వాళ్ళు మాట్లాడకుండా ఉంటే నాకు అడిగే దారి లేదు. వాళ్ళే వచ్చి తలుపు తీసారన్నమాట” అంది.

అవునన్నాను. “అయితే అడగండి మేడం గారూ. మొత్తం అడగండి.”

నందిగామ బార్ రూములో ఈ సంగతి తెలిసి అందరూ నన్ను ఒక ఆట పట్టించారు. టీ తాగుతూ ఒక స్నేహితుడు, ఖర్చులు రాబట్టడానికి అయ్యే ఖర్చులు ఎవరిస్తారమ్మా అన్నాడు. ఇంకొకాయన, గవర్నమెంటు మీద ఖర్చులు వేసిన జడ్జి ఎవరైనా ఉంటే చూపించు, దండ వేస్తానన్నాడు. నవ్వనివారు ఒక్కరే, ఆ శాఖ తరఫున నాకు ఎదురుగా వాదించాల్సిన ప్రభుత్వ ప్లీడరు గారు. నాకంటే సీనియరు. ఆయన నన్ను చెల్లెమ్మా అనేవారు, నేను అన్నగారూ అనేదాన్ని. అందరూ వెళ్ళాక నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పారు.

“నా క్లయింటు ముఖం ఎట్లా ఉంటదో నేనింతవరకు చూడలేదు చెల్లెమ్మా. కాగితాలు పంపిస్తారు, నేను లేచి నిలబడతా. నీ క్లయింటు ఖర్చుల కోసం నువ్వు పోట్లాడుతున్నావు. నా పాత ఫీజు బిల్లుల కోసం నేనెవరి మీద వెయ్యాలి?”

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ మాట నా పట్టుదలను పెంచింది. చట్టం ఎన్నిసార్లు చదివినా ఒకటే కనిపిస్తోంది. మామూలు పద్ధతి ఏమిటంటే, ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ ఖర్చులు ఇవ్వాలి. ఇవ్వక్కర్లేదని జడ్జిగారు అనుకుంటే ఎందుకో కారణం రాయాలి. ప్రభుత్వం ఓడితే ఈ పద్ధతి వర్తించదని ఎక్కడా లేదు. అంతా అలవాటు. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ ఇవ్వరు. నేను ఆవిడ ఖర్చుల వివరం తయారుచేశాను. కోర్టు ఫీజులు, కొలత ఫీజు, సాక్షుల రాకపోకలు, నా ఫీజు అన్నీ వేశాను. అనవసరమైన వాయిదాలకు వేరే రుజువు వెతకాల్సిన పని లేకపోయింది. ఎవరు ఎప్పుడు ఎందుకు వాయిదా అడిగారో కోర్టు తన రికార్డులో తనే రాసుకుంది.

అప్పీలు విన్న జడ్జిగారు నందిగామకు కొత్తగా వచ్చినాయన. చాలా మెత్తగా మాట్లాడేవారు. ఆ మెత్తదనం చూసి ఈయన్ని ఎలాగైనా ఒప్పించవచ్చు అనుకున్న ప్లీడర్లు తర్వాత బాధపడ్డారు. మొదటి రోజే మా ప్లీడరు అన్నగారిని, కింది కోర్టు తీర్పులో తప్పు ఎక్కడుందో చూపించండి అని అడిగారు. అప్పీలు కారణాల్లో రాశామన్నారు ఆయన. చదివాను, తీర్పు చట్టవిరుద్ధం అన్న ఒక్క మాటనే తిప్పి తిప్పి రాశారు అన్నారు జడ్జిగారు. కొలత మీద అభ్యంతరం ఉందా అని అడిగితే లేదన్నారు. సంతకం మీవాళ్ళదేనా అంటే మావాళ్ళదే అన్నారు. అబద్ధం ఆడే మనిషి కాదు ఆయన. అప్పుడు జడ్జిగారు, ఈ అప్పీలు వేయాలని ప్రతిపాదించిన అధికారి ఫైలుతో సహా వచ్చే వాయిదాకు స్వయంగా హాజరు కావాలని ఉత్తర్వు ఇచ్చారు.

ఆ వాయిదా రోజు పొద్దుటి నుంచీ వాన. మునేరు నిండుగా పారుతోందని, హైవే మీద ఎక్కడో బండ్లు ఆగాయని పేట బస్టాండులో చెప్పుకుంటున్నారు. నేను నందిగామ బస్సెక్కేసరికి మా క్లయింటు, ఆమె భర్త అందులోనే ఉన్నారు. ఆ అధికారి వాన వంకతో రాడేమోనని నాకు దిగులు. ఆవిడ కిటికీలోంచి వాన చూస్తూ, “వస్తాడండి. మనం రావట్లా?” అంది.

వచ్చారు. శాఖ జీపులోంచి దిగిన మనిషిని చూస్తే నేను ఊహించుకున్న దుర్మార్గుడిలా ఏమీ లేడు. చొక్కా భుజాలు తడిసి, ఫైలు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, పరీక్షకు వచ్చిన విద్యార్థిలా కంగారుగా ఉన్నాడు. జేసీబీ వచ్చిన రోజుల్లో ఆయన ఈ ప్రాంతంలోనే లేడు. తర్వాత బదిలీ మీద వచ్చిన ఇంజనీరు.

కేసు పిలిచారు. ఆయన బోను పక్కన నిలబడ్డారు. జడ్జిగారు ముందు ఫైలు చూసుకోమని కొంచెం సమయం ఇచ్చి, తర్వాత అప్పీలు ఎవరు వేయమన్నారని అడిగారు. పై ఆఫీసు నుంచి ఉత్తర్వులు వచ్చాయన్నారు. పై ఆఫీసుకు ప్రతిపాదన ఎవరు పంపారన్నారు. ఇంజనీరు గారు కాగితాలు తిప్పి, తల దించుకుని, తనే పంపానన్నారు.

“స్థలం ఆవిడదని మీ ఫైల్లోనే ఉంది. చదివారా?”

“చదివాను సార్.”

“చదివి కూడా ఎందుకు పంపారు?”

ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటారని అనుకున్నాను. అలా చేయలేదు.

“సార్, అప్పీలు అక్కర్లేదని నేను రాస్తే, ఎందుకు అక్కర్లేదన్నావని నన్ను అడుగుతారు. ఆ పార్టీతో కుమ్మక్కయ్యావంటారు, ఎంక్వయిరీ వేస్తారు. వెయ్యమని రాస్తే నన్ను ఎవరూ ఏమీ అడగరు సార్.”

జడ్జిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఓడిపోతే అయ్యే ఖర్చు సంగతి ఏమిటని అడిగారు. అది మా ఆఫీసు పద్దులోకి రాదు సార్ అన్నారు ఇంజనీరు. మరి ఎవరి పద్దులోకి వస్తుంది అంటే ఆయన మళ్ళీ ఫైలు తిప్పడం మొదలుపెట్టారు.

అప్పుడు జడ్జిగారు నా వైపు తిరిగి, మీ క్లయింటు వచ్చారా అని అడిగారు. ఆవిడ వెనక బెంచీ మీద నుంచి లేచి ముందుకు వచ్చింది. చెప్పాల్సింది ఏమన్నా ఉందా అమ్మా అన్నారు. కొంగు భుజం మీదకు లాక్కుని, ఆవిడ ఇంజనీరు గారిని ఒకసారి చూసి, జడ్జిగారితో మాట్లాడింది.

“వాయిదాకి నేను రాకపోతే నా కేసు పోద్దండి. వాళ్ళు రాకపోతే ఇంకో వాయిదా వస్తదండి. అదేనండి నేను చెప్పేది. ఇంకేం లేదండి.”

నేను పెద్ద వాదన తయారుచేసుకుని వెళ్ళాను. పై కోర్టుల తీర్పులకు గుర్తులు పెట్టుకున్న పుస్తకాలు బల్ల మీద దొంతరగా ఉన్నాయి. ఆవిడ చెప్పాక అందులో చాలా భాగం అనవసరమనిపించింది. చట్టం ఏం చెబుతోందో నాలుగు ముక్కల్లో చెప్పి, ఖర్చులు కాదనడానికి కింది కోర్టు కారణం రాయలేదని చూపించి, ఖర్చుల వివరం అందించి కూర్చున్నాను. మా ప్లీడరు అన్నగారిని ఏమంటారని అడిగితే, లేచి నిలబడి, ఖర్చుల వివరంలో ఎక్కువ వేసిన పద్దు నాకేదీ కనపడలేదండి అన్నారు. ప్రభుత్వ ప్లీడరు నోటి నుంచి అలాంటి మాట నేను అంతకుముందు వినలేదు.

జడ్జిగారు అక్కడికక్కడే తీర్పు చెప్పి రాయించడం మొదలుపెట్టారు. అప్పీలు కొట్టివేశారు. తర్వాత, ‘ఖర్చులతో సహా’ అన్నారు. రెండు కోర్టుల్లోనూ ఆవిడకు అయిన అసలు ఖర్చులన్నీ శాఖ చెల్లించాలన్నారు. పౌరుడు ఓడిపోతే ఖర్చులు భరిస్తున్నాడు, ప్రభుత్వం ఓడిపోయినప్పుడు కూడా పౌరుడే భరించడం న్యాయం కాదన్నారు. ఈ ఖర్చు ప్రజల సొమ్ములోంచి పోయి అక్కడితో మరిచిపోకూడదు కాబట్టి, కేసును ఇన్నాళ్ళు లాగినవాళ్ళు ఎవరో శాఖ విచారించి, వాళ్ళ నుంచి రాబట్టే విషయం తేల్చి, ఏం తేల్చిందో కోర్టుకు తెలపాలని రాయించారు. అంతా అయ్యాక ఇంజనీరు గారిని చూసి, అదే మెత్తని గొంతుతో తెలుగులో అన్నారు.

“అప్పీలు వేస్తే ఎవరూ అడగరన్నారు. ఇవాళ్టి నుంచి అడుగుతారు. ఇంకోసారి అక్కర్లేదని రాయాల్సి వస్తే ఈ తీర్పు జతచేసి రాయండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.”

వరండాలోకి వచ్చాం. ఆనాడు టీ దగ్గర నన్ను ఆట పట్టించినవాళ్ళంతా బార్ రూములోంచి వచ్చి చుట్టూ చేరారు. దండ వేస్తానన్నాయన చేతులు జోడించి, బజారుకు మనిషిని పంపానమ్మా అన్నాడు. ఆవిడకు ఇంగ్లీషులో జరిగింది సగమే అర్థమైంది. మనకి వచ్చినట్టా అని అడిగింది. వచ్చినట్టే, మొత్తం వచ్చినట్టే అన్నాను. బెంచీ మీద కూర్చుండిపోయి నవ్వింది. అన్నేళ్ళలో ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదలు. పైట చెంగుతో ముఖం తుడుచుకుంటూ చాలాసేపు నవ్వుతూనే ఉంది.

ఆమె భర్త వానలోనే ఎదురుగా ఉన్న హోటల్‌కు వెళ్ళి టీలు తెచ్చాడు. నాకిచ్చాడు, ప్లీడరు అన్నగారికిచ్చాడు, తర్వాత దూరంగా స్తంభం పక్కన ఒంటరిగా నిలబడ్డ ఇంజనీరు గారి దగ్గరకు వెళ్ళి ఆయనకూ ఒక గ్లాసు ఇచ్చాడు. గవర్నమెంటు వాళ్ళంటే గుమ్మం దాటి రాని మనిషి ఆయన. ఇంజనీరు గారు గ్లాసు పట్టుకుని ఆవిడ దగ్గరకు వచ్చి, “మీ చేలో ఏం పోయిందో నేనసలు చూళ్ళేదమ్మా. ఫైల్లో కొలతలే చూసా” అన్నారు. ఈసారి రండి, చూద్దురుగాని అంది ఆవిడ. వెక్కిరింపు కాదు, నిజంగానే పిలిచింది.

ప్లీడరు అన్నగారు టీ ఊదుకుంటూ, “నేనోడిపోయిన కేసుల్లో ఇంత హాయిగా ఓడింది ఇదొక్కటే చెల్లెమ్మా” అన్నారు.

ఆ శాఖ హైకోర్టుకు వెళుతుందని మా బార్‌లో చాలామంది పందెం కాశారు. వెళ్ళలేదు. వెళ్ళాలని ప్రతిపాదన రాయడానికి ఈసారి ఎవరూ ముందుకు రాలేదని తర్వాత తెలిసింది. ఓడితే ఖర్చు ఎవరి మీద పడుతుందన్న ప్రశ్న ఫైల్లోకి వచ్చాక, అంతవరకు కదలని కాగితాలు వాటంతట అవే కదిలాయి. కాలువ పూడ్చారు. పరిహారం, ఖర్చులు రెండూ గడువులోపే కోర్టులో జమ అయ్యాయి. విచారణలో ఆ ఇంజనీరు గారు తన వంతు సొమ్ము కట్టడానికి ఒప్పుకున్నారని, పాత అధికారుల నుంచి కూడా కొంత రాబట్టారని శాఖ కోర్టుకు తెలిపింది. ఆ కదలికలోనే మా ప్లీడరు అన్నగారి పాత బిల్లులు కూడా మంజూరయ్యాయి. ఆ రోజు ఆయన బార్ అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించారు.

మరుసటి వేసవి చివర్లో ఆవిడ నన్ను నర్సరీకి రమ్మంది. వెళ్ళాను. కాలువ ఉన్న చోట నేల చదునుగా ఉంది. దాని మీద కొత్త స్తంభాలు, కొత్త వల. ఒకటి కాదు, రెండు పందిళ్ళు. వాటి కింద ట్రేలలో మొలకలు అప్పుడే రెండాకులు విప్పుతున్నాయి. కోదాడ నుంచి వచ్చిన పాత రైతులు ఇద్దరు నారు చెప్పుకోవడానికి వరసలో నిలబడి ఉన్నారు. భర్త వాళ్ళకు కేసు సంగతి చెబుతున్నాడు. ఆయన చెప్పినదాంట్లో తనే మొదటి నుంచీ కేసు వెయ్యమన్నట్టు ఉంది. ఆవిడ విని కూడా విననట్టు ఊరుకుంది.

మీకు చెప్పాలనుకున్నది ఇదే. ప్రభుత్వం మీద కేసు గెలిచినప్పుడు ఖర్చులు అడగడం పేరాశ కాదు. అడగకపోతేనే, తప్పు చేసినవాళ్ళకు ఆ తప్పు ఉచితంగా దొరుకుతుంది. మీ క్లయింటు అడగకపోయినా మీరు అడగండి. వాదన మొదట్లోనే అడగండి. జడ్జిగారు కాదంటే కారణం రాయమని మర్యాదగా అడగండి. అందరూ నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఆ తీర్పు తర్వాత జరిగిన ఇంకొక చిన్న సంగతి చెప్పి ముగిస్తాను. అదే కాలువ వెంట స్థలం పోయిన రైతులు మరి కొందరు పేట కోర్టులో కేసులు వేసి ఉన్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన తరఫున నేనే హాజరయ్యాను. విచారణకు అది మొదటి వాయిదా. ఆయన ఇంటి దగ్గర నుంచి క్యారియరు కట్టించుకుని, మంచినీళ్ళ సీసా, తుండుగుడ్డ తెచ్చుకుని, సాయంత్రం దాకా కూర్చోవడానికి సిద్ధపడి వచ్చాడు. కేసు పిలవగానే ఆ ఇంజనీరు గారే స్వయంగా నిలబడి, కొలత చూశాం, స్థలం ఈయనదేనని శాఖ ఒప్పుకుంటోంది, వాదించేదేమీ లేదని చెప్పారు. జడ్జిగారు రాసుకున్నారు. తరువాతి కేసు పిలిచారు.

పెద్దాయన కదల్లేదు. “మళ్ళీ ఎప్పుడు రావాలండి?” అని నన్ను అడిగాడు. ఇక రానక్కర్లేదు పెద్దాయనా, అయిపోయింది అన్నాను. నమ్మలేదు. బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా గారిని అడిగాడు. ఆయనా అదే చెప్పాడు. వరండాలో ఇంజనీరు గారిని ఆపి అడిగాడు. “అయిపోయిందండి. మేమే ఒప్పుకున్నాం” అన్నారాయన.

తెరవని క్యారియరు చేతికి తగిలించుకుని, ఎండ పూర్తిగా ఎక్కకముందే ఆయన బస్టాండు వైపు బయలుదేరాడు. గేటు దగ్గర ఒకసారి ఆగి వెనక్కి తిరిగి చూశాడు, ఎవరైనా మళ్ళీ పిలుస్తారేమోనని. ఎవరూ పిలవలేదు.